లోహ–కర్బన పదార్థాలతో వ్యర్థజలాల శుద్ధి: తరచుగా అడిగే ప్రశ్నలు

పీణ్యాలో ప్లేటింగ్ చేసేవారు, మైసూరు రోడ్డు వైపు జీన్స్ ఉతికే యూనిట్లు నడిపేవారు, అపార్ట్‌మెంట్ సంఘాల కార్యదర్శులు, పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థులు. బెంగళూరులో తెలుగు మాట్లాడే ఈ నాలుగు రకాల వారి నుంచీ ఏళ్ల తరబడి దాదాపు అవే సందేహాలు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పడం కంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచాను. ఎవరికి కావలసింది వారు నేరుగా చదువుకునేలా ఏ జవాబుకు ఆ జవాబును పూర్తిగా రాశాను కాబట్టి, కొన్ని సంగతులు రెండుచోట్ల కనిపిస్తాయి. నా పక్షపాతం ఒకటి ముందే చెబుతున్నాను: నీళ్లు తేటబడ్డాయని ఎవరైనా అంటే, అందులో ఉన్నది ఎక్కడికి పోయిందని అడగడం నాకు అలవాటు.

## మొదలుపెట్టే ముందు

ఈ లోహ–కర్బన పదార్థం అంటే అసలు ఏమిటి? మామూలు బొగ్గు ఫిల్టరుకూ దీనికీ తేడా ఏమిటి?

బొగ్గు ఫిల్టరులో ఉండే యాక్టివేటెడ్ కార్బన్ ఒక గ్రాములోనే 500 నుంచి 1500 చదరపు మీటర్ల వరకు లోపలి ఉపరితలాన్ని దాచుకుని ఉంటుంది. రంగులు, ఫినాల్ జాతి పదార్థాలు, మందుల అవశేషాలు వంటి సేంద్రియ అణువులు ఆ ఉపరితలానికి అంటుకుంటాయి. దీనినే అధిశోషణం అంటారు. అక్కడ అణువు విరగదు, నీటిలోంచి బొగ్గు మీదికి మారుతుంది, అంతే. బొగ్గు నిండిపోయిన రోజున ఫిల్టరు పని ఆగిపోతుంది, కాలుష్యం మాత్రం చెక్కుచెదరకుండా ఆ బొగ్గులోనే ఉంటుంది. లోహ–కర్బన పదార్థంలో అదే బొగ్గుపై ఇనుము, కోబాల్ట్, రాగి, మాంగనీస్ వంటి లోహాన్ని సూక్ష్మ రేణువులుగానో విడి పరమాణువులుగానో నిలుపుతారు. దానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ లేదా పెర్‌సల్ఫేట్ తోడైతే, కర్బనం కాలుష్యాన్ని దగ్గరకు లాగుతుంది, లోహం ఆ ఆక్సీకారిని చీల్చి అత్యంత చురుకైన రాడికల్స్‌ను (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న శకలాలను) పుట్టిస్తుంది, ఆ రాడికల్స్ అణువును ముక్కలు చేస్తాయి. అన్నీ సరిగ్గా కుదిరితే చివరకు బొగ్గుపులుసు వాయువు, నీరు, లవణాలు మిగులుతాయి. అన్నీ సరిగ్గా కుదరడమే కష్టమైన పని.

ఇనుము ఒక్కటే వేసినా ఫెంటన్ చర్య జరుగుతుంది కదా, మధ్యలో బొగ్గు ఎందుకు?

ఫెర్రస్ లవణమూ హైడ్రోజన్ పెరాక్సైడూ కలిస్తే సేంద్రియ ఆమ్లం ఆక్సీకరణం చెందుతుందని హెన్రీ ఫెంటన్ 1894లోనే ప్రకటించాడు. అందులో హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుందన్న వివరణ 1934లో హేబర్, వైస్‌ల నుంచి వచ్చింది. ఇబ్బంది ఎక్కడంటే, ఫెర్రస్ ఇనుము పెరాక్సైడ్‌ను తాకి ఒక ఎలక్ట్రాన్ కోల్పోయి చురుగ్గా ఫెర్రిక్‌గా మారుతుంది కానీ, ఆ ఫెర్రిక్ తిరిగి ఫెర్రస్ అయ్యే చర్య దానికంటే కొన్ని వేల రెట్లు మందకొడిగా సాగుతుంది. మోటబావిలో బాన దిగడం క్షణంలో అయిపోయినా, పొలానికి ఎంత నీరు పారుతుందన్నది బాన పైకి వచ్చే వేగాన్నిబట్టే ఉంటుంది, ఇక్కడా అంతే. అందుకే మామూలు ఫెంటన్‌లో ఇనుమును ఎప్పటికప్పుడు కొత్తగా పోయవలసి వస్తుంది, పోసినదంతా ఎర్రటి బురదగా పేరుకుంటుంది.

కర్బనం విద్యుద్వాహకం కావడం వల్ల ఎలక్ట్రాన్లను అందించి ఫెర్రిక్‌ను త్వరగా వెనక్కి తెస్తుంది. ఇనుమును తన రంధ్రాల్లో పట్టి ఉంచి నీటిలోకి జారిపోకుండా కొంతమేరకు ఆపుతుంది. పైగా హైడ్రాక్సిల్ రాడికల్ ఆయుష్షు సెకనులో వంద కోట్లవ వంతుల లెక్కలో ఉంటుంది కాబట్టి అది పుట్టినచోటే కాలుష్య అణువు కూడా ఉండాలి. బొగ్గు ఆ రెండింటినీ ఒకచోటికి చేరుస్తుంది.

మా నీటికి ఇది పనికొస్తుందో లేదో ముందే ఎలా తెలుసుకోవాలి?

ముందుగా బీఓడీని (నీటిలోనిది తినడానికి సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజన్) సీఓడీతో (దాన్నంతా రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) భాగించి చూడాలి. ఆ నిష్పత్తి దాదాపు 0.4 కంటే ఎక్కువగా ఉంటే ఆ నీటిలో ఉన్నది సూక్ష్మజీవులు తినగలిగిన పదార్థమే. వాటికి గాలి అందిస్తే చవకగా పని చేసిపెడతాయి, రసాయనం కొనవలసిన అవసరం లేదు. నిష్పత్తి 0.2 కంటే తక్కువైతే సూక్ష్మజీవులకు లొంగని పదార్థం ఎక్కువగా ఉన్నదని అర్థం. అద్దకపు రంగులు, ఫినాల్స్, నైట్రో సమ్మేళనాలు, చాలా యాంటీబయాటిక్స్ ఈ కోవలోకి వస్తాయి. లోహ–కర్బన విధానం ఆలోచించవలసింది అక్కడే.

అన్నింటికీ ఇది మందు కాదు. ఫ్లోరిన్ నిండిన పీఫాస్ జాతి అణువులలోని కర్బన–ఫ్లోరిన్ బంధాన్ని హైడ్రాక్సిల్ రాడికల్ విరవలేదు. అవి బొగ్గుకు అంటుకుంటాయి తప్ప నశించవు. చర్య ముందుకు సాగేకొద్దీ ఆక్సాలిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం వంటి చిన్న ఆమ్లాలు కూడా మొండిగా మిగిలిపోతాయి. ఉప్పు, టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు) తగ్గించడం దీని పనే కాదు.

మా అపార్ట్‌మెంట్ ఎస్టీపీకి నానో ఐరన్ కార్బన్ యూనిట్ పెట్టించమని ఒక సేల్స్ ఆయన వచ్చారు. పెట్టించాలా?

సాధారణంగా అవసరం లేదు. ఇళ్ల మురుగునీటిలో ఉన్నది ఎక్కువ భాగం సూక్ష్మజీవుల ఆహారం. మీ ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నుంచి వాసన, రంగు, నురగ వస్తున్నాయంటే పదింట తొమ్మిదిసార్లు బ్లోయరు సరిగ్గా నడవకపోవడమో, స్లడ్జ్ తీయకపోవడమో, బొగ్గు ఫిల్టరులో ఏళ్ల తరబడి బొగ్గు మార్చకపోవడమో కారణమవుతుంది. కొత్త యూనిట్ కొనే ముందు ఆపరేటర్ లాగ్‌బుక్ చూడండి. రాత్రి కరెంటు బిల్లు కోసం బ్లోయరు ఆపుతున్నారేమో అడగండి. అయినా ఆసక్తి ఉంటే, ఆ సేల్స్ ఆయన చూపించే మురికినీటి, తేటనీటి సీసాలను కాక, వాడిన పదార్థాన్ని ఎన్ని నెలలకు మార్చాలి, పాతదాన్ని ఎవరు తీసుకువెళ్తారు అన్న రెండు సంగతులను కాగితం మీద రాయించుకోండి.

మా ఊరు కోలారు పక్కన. బెంగళూరు నుంచి చెరువులకు వచ్చే నీళ్లను దీంతో శుభ్రం చేయవచ్చు కదా?

ఈ ప్రశ్న అడిగేవారి స్వరంలో బాధ వినిపిస్తుంది. అది న్యాయమైనదే. కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం ద్వారా 2018 నుంచి కోలారు చెరువులకు చేరుతున్నది రెండో దశ వరకు శుద్ధి చేసిన మురుగునీరు. రెండో దశ అంటే సూక్ష్మజీవులు తినగలిగినది తిన్న తరువాత మిగిలిన నీరు. వాటికి లొంగనిది అందులో ఉంటుంది.

కానీ పరిమాణం చూడండి. రోజుకు 400 మిలియన్ లీటర్ల నీటికి లీటరుకు కేవలం 50 మిల్లీగ్రాముల చొప్పున పెరాక్సైడ్ వేయాలన్నా రోజుకు 20 టన్నుల స్వచ్ఛమైన పెరాక్సైడ్ కావాలి. ఇది నడిచే లెక్క కాదు. చిక్కటి వ్యర్థం కొద్ది పరిమాణంలో పుట్టే చోట, అంటే రంగుల యూనిట్ దగ్గర, మందుల ఫ్యాక్టరీ దగ్గర, అది ఊరి మురుగులో కలిసి పలచబడకముందే ఈ విధానాన్ని వాడడం తెలివైన పని. చెరువు గట్టున నిలబడి చేయగలిగింది చాలా తక్కువ.

## పదార్థం ఎంపిక, తయారీ

ఇనుమా, కోబాల్టా, రాగా? పరిశోధన పత్రాల్లో అంతా కోబాల్ట్ గొప్పది అంటున్నారు.

పెర్‌సల్ఫేట్ జాతిలోని పెరాక్సీమోనోసల్ఫేట్‌ను చీల్చడంలో కోబాల్ట్ దిట్ట అన్నది నిజమే. బీకరులో అది ఇనుమును సునాయాసంగా ఓడిస్తుంది. అయితే కోబాల్ట్ విషపూరితమైనది, ఖరీదైనది, ఆమ్లపు నీటిలో కొద్దికొద్దిగా కరిగిపోతుంది. ఒక కాలుష్యాన్ని తీయబోయి మరొకదాన్ని కలిపే పని పెట్టుకోకూడదు. రాగి తటస్థ పీహెచ్ దగ్గర ఇనుము కంటే బాగా పనిచేస్తుంది కానీ చేపలకు, నాచుకు అది చాలా తక్కువ మోతాదులోనే హాని చేస్తుంది. మాంగనీస్ మధ్యస్థం. నిజమైన ప్లాంటుకు నా సలహా ఎప్పుడూ ఇనుమే: చవక, విషం తక్కువ, కరిగినా సున్నం వేస్తే కిందికి దిగిపోతుంది. నిదానంగా పనిచేస్తుందన్నది దాని లోపం. ఆ లోపాన్ని ట్యాంకు పెద్దదిగా కట్టుకుని భరించవచ్చు.

టెంకాయ చిప్పలు, వేరుశనగ పొట్టు మాకు ఊరికే దొరుకుతాయి. మేమే తయారు చేసుకోవచ్చా?

ప్రయోగానికైతే చేసుకోవచ్చు. చిప్పలను నలగ్గొట్టి, కడిగి ఎండబెట్టి, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో రాత్రంతా నానబెట్టి, మళ్లీ ఆరబెట్టి, నైట్రోజన్ వాయువు ప్రవహించే గొట్టపు ఫర్నేసులో వేడి చేస్తారు. ఉష్ణోగ్రతే ఇక్కడ కీలకం. 500 డిగ్రీల సెల్సియస్ పరిసరాల్లో ఆపితే ఇనుము ఎక్కువగా మాగ్నటైట్ రూపంలో ఉంటుంది. 700 డిగ్రీలు దాటిన తరువాత బొగ్గే ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను లాక్కుని లోహపు ఇనుమును, కొంత ఐరన్ కార్బైడ్‌ను మిగులుస్తుంది. ఈ రెండో రకం చురుకైనది, కానీ గాలి తగిలితే తుప్పు పడుతుంది.

చల్లారేవరకు నైట్రోజన్ ఆపకూడదు. ఒకసారి మా దగ్గర చేయి పెట్టగలిగేంత చల్లబడిందని తొందరపడి మూత తీస్తే, పళ్లెంలోని నల్లటి పొడి నిప్పుకణికలా రాజుకుంది. సన్నని ఇనుము గాలిలో దానంతట అదే మండగలదని పుస్తకంలో చదివిన వాక్యం ఆ రోజు అర్థమైంది. తయారైన పొడిని నీటితో బాగా కడిగి, కడిగిన నీటిలో ఎంత ఇనుము వస్తున్నదో చూసిన తరువాతే వాడాలి.

టన్నుల లెక్కన చేయడం మాత్రం వేరే వ్యవహారం. ఒక్కో బస్తా చిప్ప ఒక్కో రకంగా ఉంటుంది. బూడిద, తేమ మారితే పదార్థం గుణమూ మారుతుంది.

ఎంఓఎఫ్‌కు నోబెల్ వచ్చింది కదా, దాంతో చేసిన కర్బనమే మంచిదంటున్నారు. నిజమా?

ఎంఓఎఫ్‌లను, అంటే లోహ–సేంద్రియ చట్రాలను, అభివృద్ధి చేసినందుకు సుసుము కితగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీలకు 2025లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. లోహ అయాన్లను సేంద్రియ అణువులతో గూడులా అల్లడం ఆ చట్రాల స్వభావం. జిఫ్–67 అనే కోబాల్ట్ చట్రాన్ని గది ఉష్ణోగ్రతలోనే ఊదారంగు స్ఫటికాలుగా తయారు చేయవచ్చు. దాన్ని జడవాయువులో కాల్చితే నత్రజని కలిసిన కర్బనంలో కోబాల్ట్ సమంగా పరచుకున్న నల్లటి పొడి వస్తుంది. జింక్ చట్రమైన జిఫ్–8ను 907 డిగ్రీలకు పైన కాల్చితే జింక్ ఆవిరై పోయి, అది ఉన్నచోట ఖాళీలు మిగులుతాయి. లోహం గుంపులు కట్టకుండా విడివిడి పరమాణువులుగా నిలవడానికి ఈ దారి బాగా ఉపయోగపడుతుంది. చర్య ఎలా జరుగుతుందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే చక్కటి పదార్థం దొరకదు. రోజుకు పదివేల లీటర్ల వాషింగ్ యూనిట్‌కు మాత్రం, గ్రాముల్లో తయారయ్యే ఈ పదార్థం నేటికి అందుబాటు వస్తువు కాదు.

పెరాక్సైడ్ కొనాలా, పెర్‌సల్ఫేట్ కొనాలా?

పెరాక్సైడ్ చవక, మిగిలితే నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది. కానీ ద్రవం కాబట్టి నిల్వ జాగ్రత్త కావాలి, బాగా పనిచేయడానికి ఆమ్లపు నీరు కావాలి. పెర్‌సల్ఫేట్ పొడి నిల్వకు సులువు, తటస్థ పీహెచ్‌కు దగ్గరగా కూడా పనిచేస్తుంది, దాన్నుంచి వచ్చే సల్ఫేట్ రాడికల్ హైడ్రాక్సిల్ కంటే ఎక్కువసేపు బతుకుతుంది. అయితే వేసిన ప్రతి గ్రామూ చివరకు సల్ఫేట్‌గా నీటిలోనే ఉండిపోతుంది. పెరాక్సీమోనోసల్ఫేట్‌ను మార్కెట్లో అమ్మే మూడు లవణాల మిశ్రమంలో చురుకైన భాగం తూకంలో సుమారు సగమే, మిగతా సగం మొదటి నుంచీ పనిచేయని ఉప్పే. తరువాత ఆర్ఓ, ఎవాపరేటర్ ఉన్న యూనిట్లకు ఈ అదనపు టీడీఎస్ నెత్తిన బరువు. ఉప్పు ఎక్కువగా ఉన్న నీటిలో క్లోరైడ్‌తో కలిసి క్లోరిన్ చేరిన కొత్త సేంద్రియ పదార్థాలు పుట్టే ప్రమాదం కూడా పెర్‌సల్ఫేట్‌తో ఎక్కువ. ఈ కారణాల వల్ల నేను మొదట పెరాక్సైడ్‌తోనే ప్రయత్నించమంటాను.

## ప్రయోగశాలలో

మా పదార్థంతో మిథిలీన్ బ్లూ పది నిమిషాల్లో 99 శాతం పోయింది సార్. పేపరు రాసేయవచ్చా?

ఇంకా కాదు. మిథిలీన్ బ్లూ ధనావేశం ఉన్న రంగు, రుణావేశం ఉన్న బొగ్గు ఉపరితలానికి అయస్కాంతానికి ఇనుప రజనులా అంటుకుంటుంది. 664 నానోమీటర్ల దగ్గర శోషణ తగ్గిందంటే రంగు నీటిలో లేదని మాత్రమే తెలుస్తుంది, విరిగిందో అంటుకుందో తెలియదు. కనీసం నాలుగు బీకర్లు పెట్టండి: పదార్థం మాత్రమే, ఆక్సీకారి మాత్రమే, రెండూ కలిపి, నాలుగోదానిలో పదార్థాన్ని నానబెట్టి వడకట్టి తీసేసిన నీటికి ఆక్సీకారి. నాలుగోదానిలోనూ చర్య జరుగుతున్నదంటే పని చేస్తున్నది మీ పదార్థం కాదు, దాని నుంచి కరిగి దిగిన లోహం. తరువాత వాడిన పొడిని మద్యసారంతో కడిగి చూడండి. నీలిరంగు దిగితే అది అధిశోషణమే. ఫినాల్ వంటి రంగులేని అణువుతోనూ పరీక్షించి, మొత్తం సేంద్రియ కర్బనం ఎంత తగ్గిందో కొలిచిన తరువాత రాయడం మొదలుపెట్టవచ్చు.

రంగు పూర్తిగా పోయింది, కానీ సీఓడీ ముందుకంటే పెరిగింది! మెషీన్ తప్పా?

మెషీన్ తప్పు కాకపోవచ్చు. సీఓడీ పరీక్షలో వాడే డైక్రోమేట్ మిగిలిపోయిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కూడా ఆక్సీకరించి, దాన్ని సేంద్రియ పదార్థంగా లెక్క కడుతుంది. ఒక మిల్లీగ్రాము పెరాక్సైడ్ సిద్ధాంతపరంగా 0.47 మిల్లీగ్రాముల సీఓడీగా కనిపిస్తుంది. లీటరుకు 100 మిల్లీగ్రాముల పెరాక్సైడ్ మిగిలితే మీ రిపోర్టులో 47 మిల్లీగ్రాముల వరకు లేని కాలుష్యం చేరినట్లు. నమూనా తీసిన వెంటనే పీహెచ్ పెంచి కాసేపు వేడి చేయడమో, కెటలేజ్ ఎంజైమ్ వేయడమో చేసి, అయోడైడ్ స్టార్చ్ కాగితంతో పెరాక్సైడ్ లేదని నిర్ధారించుకున్న తరువాతే పరీక్షకు పంపాలి. సోడియం సల్ఫైట్ వేసేవారు ఉన్నారు కానీ అది ఎక్కువైతే అదీ సీఓడీగానే కనిపిస్తుంది. పెర్‌సల్ఫేట్ మిగిలితే తప్పు ఎదురు దిక్కున జరుగుతుంది. అది సీసాలోనే సేంద్రియాన్ని ఆక్సీకరించి సీఓడీ తక్కువగా చూపుతుంది, చూసి సంబరపడతాం.

నిజంగానే సీఓడీ తగ్గకపోవడమూ ఉంటుంది. రంగు ఇచ్చే అజో బంధం (రెండు నత్రజని పరమాణువుల మధ్య బంధం) ఒక్కటి తెగితే నీరు తేటబడుతుంది, మిగతా అణువంతా అలాగే ఉంటుంది. ఇనుము క్షయకరణం చేసినప్పుడు, అంటే ఎలక్ట్రాన్లు అందించినప్పుడు, ఆ బంధం తెగి ఆరోమాటిక్ అమైన్లు వస్తాయి. వాటిలో కొన్ని అసలు రంగు కంటే హానికరం. తేటగా కనిపించే ఆ నీటిని చూపించి ఫోటోలు తీయించుకునేవారిని చూస్తే నాకు భయమేస్తుంది.

ఏ రాడికల్ పనిచేసిందో నిరూపించమని రివ్యూయర్ అడిగారు. మిథనాల్, టెర్ట్–బ్యూటనాల్ వేస్తే చాలదా?

అవి మొదటి సూచన మాత్రమే ఇస్తాయి. మిథనాల్ హైడ్రాక్సిల్, సల్ఫేట్ రాడికల్స్ రెండింటినీ పట్టేస్తుంది, టెర్ట్–బ్యూటనాల్ ప్రధానంగా హైడ్రాక్సిల్‌ను పడుతుంది, ఆ తేడాను బట్టి వాటా అంచనా వేస్తారు. కర్బన ఉపరితలం ఉన్నప్పుడు ఆ ఆల్కహాల్ ఉపరితలాన్నే కప్పేసి చర్యను మందగింపజేయవచ్చు, అప్పుడు మీరు తప్పు నిర్ణయానికి వస్తారు. జత లేని ఎలక్ట్రాన్లను పట్టిచూపే ఈపీఆర్ కొలతలు తోడు కావాలి. రాడికల్ అసలు లేకుండా, కర్బనం వంతెనగా కాలుష్య అణువు నుంచి ఎలక్ట్రాన్ నేరుగా పెర్‌సల్ఫేట్‌కు వెళ్లే దారి కూడా ఉన్నదని మరచిపోవద్దు.

స్వేదనజలంలో అద్భుతంగా పనిచేసింది, ఫ్యాక్టరీ నీటిలో అసలు పనిచేయడం లేదు. ఎందుకు?

స్వేదనజలంలో రాడికల్‌కు మీ కాలుష్యం తప్ప వేరే గమ్యం లేదు. అసలు నీటిలో దారిపొడుగునా అడ్డుకునేవారే. బోరునీటిలోని బైకార్బనేట్, కార్బనేట్ అయాన్లు రాడికల్స్‌ను మింగేస్తాయి, కార్బనేట్ మరీ వేగంగా మింగుతుంది. క్లోరైడ్, సబ్బులు, పిండి పదార్థాలు, సాఫ్టెనర్లు తమ వాటా తాము తీసుకుంటాయి. ఫాస్ఫేట్ ఇనుము మీద పొరలా పేరుకుంటుంది. బెంగళూరు శివార్లలో చాలా యూనిట్లు గట్టినీటి బోరులమీదే నడుస్తాయి కాబట్టి ఈ ఫిర్యాదు ఇక్కడ మరీ ఎక్కువ. పీహెచ్‌ను 3 దగ్గరికి దించినప్పుడు బైకార్బనేట్ వాయువుగా పోవడం ఒక లాభం. ట్యాంకు పొంగినట్లు కనిపించేది అదే. అందుకే నా విద్యార్థులకు మొదటి వారం నుంచే ఒక డబ్బా అసలు నీరు ఫ్రిజ్‌లో పెట్టుకోమని చెబుతాను.

## ప్లాంటు నడిపేటప్పుడు

ఇనుము–కర్బన బెడ్ ఎలా పనిచేస్తుంది? రసాయనం ఏమీ వేయకుండానే నడుస్తుందా?

ఇనుప రజను, బొగ్గు ఒకదానికొకటి ఆనుకుని నీటిలో మునిగితే చిన్నచిన్న బ్యాటరీల్లా ప్రవర్తిస్తాయి. ఇనుము కరుగుతూ ఎలక్ట్రాన్లను విడుస్తుంది, అవి బొగ్గు మీదికి పాకి అక్కడ కాలుష్య అణువును క్షయకరిస్తాయి. గాలి ఊదుతూ ఉంటే కొంత పెరాక్సైడ్ కూడా అక్కడే పుడుతుంది. సాధారణంగా పీహెచ్ 3 నుంచి 4 మధ్య, గంట నుంచి రెండు గంటలపాటు నీటిని బెడ్‌లో ఉంచుతారు. బయటికి వచ్చిన నీటిలో కరిగిన ఫెర్రస్ ఇనుము ఉంటుంది కాబట్టి దానికే పెరాక్సైడ్ చేరిస్తే ఫెంటన్ చర్య జరుగుతుంది. ఆపై సున్నంతో పీహెచ్ 8 నుంచి 9కి తెస్తే ఇనుము గడ్డకట్టి, వెంట కొంత సేంద్రియ పదార్థాన్నీ లాక్కుని అడుగుకు చేరుతుంది. ఆమ్లం, సున్నం ఎలాగూ కొనాలి. ఇనుము కూడా ఖర్చయ్యే వస్తువే. ‘కెమికల్–ఫ్రీ’ అని ఎవరైనా అంటే నమ్మవద్దు.

ఆమ్లం కలపగానే కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది. అది మామూలేనా?

మామూలు కాదు. వెంటనే ఆమ్లం ఆపి, మనుషులను గాలి వచ్చే దిక్కుకు తరలించండి. నల్ల జీన్స్‌కు వాడే సల్ఫర్ రంగుల నీటిలో సోడియం సల్ఫైడ్ ఉంటుంది. ఆమ్లం తగిలితే అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా బయటికి వస్తుంది. మోతాదు పెరిగితే వాసన తెలియడమే ఆగిపోతుంది, వాసన పోయిందనుకుని ట్యాంకులోకి తొంగిచూసిన మనిషి అక్కడే కూలిపోతాడు. ప్లేటింగ్ యూనిట్ల సయనైడ్ నీటికి ఆమ్లం కలిపితే వచ్చేది హైడ్రోజన్ సయనైడ్, అది అంతకంటే ఘోరం. సల్ఫైడ్‌ను ముందుగా క్షార స్థితిలోనే ఆక్సీకరించి తీసేయాలి, సయనైడ్ పైపును ఈ ట్యాంకు దరిదాపులకు కూడా తేకూడదు. దీనికితోడు ఆమ్లంలో ఇనుము కరిగినప్పుడు హైడ్రోజన్ వస్తుంది. మూసిన గదిలో బెడ్ పెట్టవద్దు, దగ్గర వెల్డింగ్ చేయించవద్దు.

పెరాక్సైడ్ ఎంత కొనాలో లెక్క చెప్పండి.

ఒక గ్రాము సీఓడీ తగ్గించడానికి సిద్ధాంతపరంగా 2.125 గ్రాముల పెరాక్సైడ్ కావాలి. మీది రోజుకు 10,000 లీటర్ల ప్లాంటు అనుకుందాం, సీఓడీని 400 నుంచి 250కి, అంటే లీటరుకు 150 మిల్లీగ్రాములు తగ్గించాలి. 150ని 2.125తో గుణిస్తే సుమారు 319 మిల్లీగ్రాములు, పదివేల లీటర్లకు 3.19 కిలోలు, 50 శాతం ద్రావణంగా కొంటే రోజుకు దాదాపు 6.4 కిలోలు. పెరాక్సైడ్‌లో కొంత భాగం ఊరికే ఆక్సిజన్‌గా విడిపోతుంది కాబట్టి వాస్తవంలో ఇంతకంటే ఎక్కువే పడుతుంది. మీ నీటితోనే జార్ టెస్టు (జాడీల్లో వేర్వేరు మోతాదులు వేసి చూడడం) చేసి నిర్ణయించుకోండి. ఒక్కసారిగా పోయకుండా డోసింగ్ పంపుతో విడతలుగా ఇస్తే వృథా తగ్గుతుంది. నిల్వ డబ్బాకు గాలి పోయే మూత ఉండాలి, తుప్పు, ఇనుప రజను దానిలో పడకూడదు.

రెండు నెలల్లో బెడ్ రాయిలా గట్టిపడింది. ఏం చేయాలి?

ఇది ఈ విధానానికి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఇనుము మీద ఆక్సైడ్, హైడ్రాక్సైడ్ పొరలు పేరుకుని రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, నీరు ఒక్క పక్కనుంచి దారి చేసుకుని పోతుంది. విడి రజను, విడి బొగ్గు కలిపిన బెడ్‌లో ఇది త్వరగా వస్తుంది. రెండింటినీ కలిపి కాల్చి గోళీలుగా చేసిన పదార్థంలో ఆలస్యంగా వస్తుంది. కిందినుంచి గాలి, నీరు ఎదురు కొట్టడం, అప్పుడప్పుడు పలచటి ఆమ్లంతో కడగడం, బెడ్‌ను ఎన్నడూ సగం తడిగా గాలికి వదలకపోవడం ముఖ్యం. పండగ సెలవులకు ప్లాంటు ఆపి, నీళ్లు తీసేసి ఊరికి వెళ్లినవాళ్లే ఎక్కువగా ఈ ప్రశ్న అడుగుతారు. సెలవుల్లో బెడ్‌ను నీటిలో ముంచి ఉంచాలి. ఇప్పటికే పూర్తిగా గట్టిపడినదాన్ని తవ్వి తీయడం తప్ప దారి లేదు.

దీన్ని బయలాజికల్ ట్యాంకుకు ముందు పెట్టాలా, తరువాత పెట్టాలా?

విషపూరితమైన, సూక్ష్మజీవులు తినలేని నీరైతే ముందు. మొత్తం ఆక్సీకరించే ఖర్చు పెట్టకుండా అణువులను సగం విరిచి వదిలితే మిగతాది సూక్ష్మజీవులు చూసుకుంటాయి. ఆ సందర్భంలో సీఓడీ ఎంత తగ్గిందన్నదాని కంటే బీఓడీ–సీఓడీ నిష్పత్తి ఎంత పెరిగిందన్నదే కొలత. మిగిలిన పెరాక్సైడ్ ఒక్క చుక్క కూడా బయలాజికల్ ట్యాంకులోకి వెళ్లకుండా చూడండి. అది ఆ జీవులకు విషం. తినగలిగినది ఎక్కువగా ఉండి చివర కాస్త రంగు మాత్రమే మిగిలే నీటికైతే తరువాత పెట్టడమే పొదుపు.

## బయటికి వదిలే ముందు

లోహం నీళ్లలోకి దిగుతోందా అన్నది ఎలా చూడాలి? ఎంత వరకు పరవాలేదు?

శుద్ధి అయిన నీటిని సన్నని ఫిల్టరుతో వడకట్టిన తరువాత ఒకసారి, వడకట్టకుండా ఆమ్లంలో మరిగించిన తరువాత ఒకసారి లోహం కొలిపించండి. మొదటిది కరిగినది చెబుతుంది, రెండోది పొడిగా కొట్టుకుపోతున్నదాన్నీ పట్టుకుంటుంది. చాలామంది మొదటిదే చేయించి ఊరుకుంటారు. లోతట్టు ఉపరితల జలాల్లోకి వదిలే నీటికి పర్యావరణ పరిరక్షణ నియమాల సాధారణ ప్రమాణాల ప్రకారం ఇనుము, రాగి, నికెల్ ఒక్కొక్కటి లీటరుకు 3 మిల్లీగ్రాములు, మాంగనీస్ 2 మిల్లీగ్రాములు, జింక్ 5 మిల్లీగ్రాములు మించకూడదు. మీ పరిశ్రమకు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సీఎఫ్‌ఓలో (నడపడానికి ఇచ్చే అనుమతి పత్రంలో) వీటికంటే కఠినమైన అంకె ఉంటే అదే మీకు వర్తిస్తుంది.

వాడేసిన పదార్థాన్ని, బురదను ఏం చేయాలి? తోటలో పూడ్చేయవచ్చా?

పూడ్చకూడదు. ఆ బొగ్గులో అంటుకున్న రంగులు, ఆ బురదలో ఇనుముతో కలిసి దిగిన సేంద్రియాలు, ఇతర లోహాలు ఉంటాయి. వాన పడితే అవి మీ బోరులోకే చేరతాయి. పరిశ్రమల ఈటీపీ (వ్యర్థజల శుద్ధి ప్లాంటు) బురద 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల పరిధిలోకి వస్తుంది. ఫిల్టర్ ప్రెస్‌లో నీరు పిండి, నేల తగలకుండా పైకప్పు కింద నిల్వ చేసి, మండలి అనుమతి ఉన్న సంస్థకు మ్యానిఫెస్ట్‌తో (వ్యర్థాల రవాణా పత్రంతో) అప్పగించాలి. బెంగళూరు వైపు యూనిట్లకు దాబస్‌పేటలో ఇటువంటి వ్యర్థాలను శుద్ధి చేసి పూడ్చే కేంద్రం ఉంది. పదార్థం కొనేటప్పుడే ఈ ఖర్చును కలిపి లెక్క వేయండి. చవకగా కనిపించిన కొటేషన్లు ఇక్కడే తేలిపోతాయి.

రిపోర్టులో సీఓడీ 250 లోపు వచ్చింది. ఇక చాలు కదా?

చట్టం దృష్టిలో సీఓడీ ఒక్కటే కొలత కాదు. అవే సాధారణ ప్రమాణాల్లో చేపల పరీక్ష కూడా ఉంది: శుద్ధి చేసి వదిలే వ్యర్థజలాన్ని ఏమీ కలిపి పలచన చేయకుండా, అందులో 96 గంటల తరువాత 90 శాతం చేపలు బతికి ఉండాలి. ఆక్సీకరణంలో పుట్టిన మధ్యంతర పదార్థాలు అసలు కాలుష్యం కంటే విషపూరితమైనవైతే అంకెల్లో కనిపించకపోయినా చేప చెబుతుంది. యాంటీబయాటిక్స్ విషయంలో సీఓడీ మరీ గుడ్డిది. హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో మందుల పరిశ్రమల నీటిని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో అచ్చయిన అధ్యయనం చూపించింది. సీఓడీ లెక్కలో అది కొన్ని పదుల మిల్లీగ్రాములే. సూక్ష్మజీవులకు మందును తట్టుకోవడం నేర్పడానికి మాత్రం అంతలో చిన్న భాగమైనా చాలు. బొమ్మసంద్ర, జిగణి వైపు మందుల యూనిట్లవారు సీఓడీతోపాటు తాము తయారుచేసే మందునే పేరుపెట్టి కొలిపించుకోవాలి.

శుద్ధి చేసిన నీళ్లను ఫ్యాక్టరీ మొక్కలకు పోయవచ్చా?

పెరాక్సైడ్ మిగలలేదని, పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉందని, లోహాలు పరిమితిలో ఉన్నాయని చూసుకుంటే, సీఎఫ్‌ఓలో తోటకు వాడేందుకు అనుమతి ఉంటే పోయవచ్చు. కాస్టిక్‌తో తటస్థపరిచే యూనిట్లలో సోడియం ఎక్కువై నేల గట్టిపడుతుంది. సున్నం వాడితే ఆ ఇబ్బంది తక్కువ. ఆకుకూరలకు, పశువుల మేతకు మాత్రం పోయవద్దు.